మూడో పిల్లకు కోటు

రాత్రి కురిసిన మంచుకి తొట్టిలో నీళ్ళు గట్టిపడిపోయాయి. దర్జీ గొడ్డలి వెనకవైపుతో నాలుగు దెబ్బలు వేసేసరికి పైపొర పెచ్చులు పెచ్చులుగా విరిగింది. ఆ పెచ్చుల్ని చేత్తోనే ఏరి అవతల పారేశాడు. వేళ్ళు కొంకర్లు పోయాయి. నోటి దగ్గర పెట్టుకుని ఊదుకుంటే ఆవిరైతే కనపడింది గానీ, అందులో వెచ్చదనం ఎటు పోయిందో తెలియలేదు.

"గొడ్డలి అట్లా కాదు పట్టుకునేది! కత్తెరనుకున్నావా?"

కిటికీలోంచి మామ. గడ్డి అటక మీదనుంచి జారి మోకాలి కింద ఎముక విరగ్గొట్టుకున్న దగ్గర్నుంచీ ఆయన మంచం కిటికీ పక్కకు చేరింది. కాలికి కట్టు కట్టారు గానీ నోటికి ఏ కట్టూ కట్టలేదు. దొడ్డిలో ఏ గొర్రె తుమ్మినా, ఏ బకెట్ కదిలినా ఆయన మాట పడాల్సిందే.

"అయినా విరిగిందిలే మామయ్యా" అన్నాడు దర్జీ.

రెడీమేడ్ బట్టలొచ్చి కొట్టు మూతపడ్డాక అతను భార్య పుట్టింట్లో గొర్రెల పని అందుకున్నాడు. పని మారింది, పిలుపు మారలేదు. మామకే కాదు, ఇంటికొచ్చిన ప్రతివాడికీ అతను దర్జీయే. అదేం తిట్టు కాదు నిజమే, కానీ మామ నోట్లోంచి వచ్చేటప్పుడు దానికి ఎక్కణ్ణుంచో ఒక తోక తగులుకునేది.

భార్య వంటింట్లోంచి కెటిల్‌తో వేణ్ణీళ్ళు తెచ్చి బకెట్లో కలిపింది. ఈనిన తల్లులకు చన్నీళ్ళు పెడితే తాగవు, తాగకపోతే పాలు పడవు. అది ఆమె చిన్నప్పటినుంచి చూస్తున్న పనే. అయినా కిటికీ ఊరుకుంటుందా?

"గొర్రెలకి వేణ్ణీళ్ళట! తర్వాత కాఫీ పెట్టి ఇస్తారేమో మొగుడూ పెళ్ళాలు!"

"నీకిచ్చాం కదా నాన్నా, గొర్రెల వంతు ఇంకా రాలేదు" అంది భార్య, తలెత్తకుండానే.

మామ గొంతు తగ్గించి అన్నాడు. "ఎంతలే, ఆదివారం దాకా. ఆదివారం వాడొచ్చి మందని తోలుకుపోతాడు. అప్పటిదాకా చావకుండా చూడండి చాలు."

వాడంటే మామ మేనల్లుడు. గుట్ట మీద పెద్ద దొడ్డి, పెద్ద మంద, పెద్ద గొంతు. నడవలేని ముసలాడూ, సూది పట్టిన అల్లుడూ కలిసి గొర్రెల్ని కాయలేరని మామ మంచంలో పడుకుని తేల్చేశాడు. మేనల్లుడికి కబురు కూడా వెళ్ళిపోయింది.

దర్జీ ఆ మాట విన్నప్పుడల్లా కొట్టం వైపు చూసేవాడు. మొదట్లో గొర్రెల కంపు పడక మూతికి గుడ్డ కట్టుకుని దొడ్లోకి వెళ్ళినవాడు, ఇప్పుడు ఏది ఏ తల్లి పిల్లో అరుపు విని చెప్పగలడు. పొద్దున్నే అతని అడుగుల చప్పుడికి మంద మొత్తం లేచి నిలబడుతుంది. కొట్టు పోయాక అతని కోసం లేచి నిలబడ్డవాళ్ళు ఇంకెవరూ లేరు. గొర్రెలు పోతే ఈ ఇంట్లో తనెవరు? మామకి మంచినీళ్ళిచ్చే మనిషి. ఆ మాట భార్యతో కూడా అనలేదు. మంద ఉండాలని మాత్రం అతనికి ప్రాణం కొట్టుకుంటోంది.

కొట్టంలోకి వెళ్ళి గడ్డి సర్దాడు. తడిసిన గడ్డి పారతో లాగి, పొడిగడ్డి పరిచి, గోడ సందుల్లో పాత గోనెసంచులు కుక్కాడు. ఒక మూల మొన్న ఈనిన పాత గొర్రె పడుకుని ఉంది. దానికి మూడు పిల్లలు. తల్లికి ఉన్నవి రెండు చన్నులు, పుట్టినవి మూడు. లెక్క ఎక్కడ తప్పిందో గొర్రెకు తెలీదు గానీ, దేన్ని తొయ్యాలో తెలుసు. మూడో పిల్ల దగ్గరికి వచ్చినప్పుడల్లా తలతో ఒక్క పోటు పొడిచేది. పిల్ల ఎగిరి గడ్డిలో పడేది. మళ్ళీ లేచి మళ్ళీ వెళ్ళేది. సిగ్గూ శరం లేని ప్రాణి అనుకున్నాడు దర్జీ, దాన్ని ఒళ్ళోకి తీసుకుంటూ. పిడికెడు లేదు. ఒంటిమీద బొచ్చు కూడా పూర్తిగా రాలేదు.

చిటికెన వేలు దాని నోట్లో పెట్టాడు. నోరు చల్లగా ఉందంటే పిల్ల చేజారిపోతున్నట్టే. మరీ చల్లగా లేదు, వెచ్చగానూ లేదు.

"సీసా పాలు రెండు పూటలా పడుతున్నా ఒంటికి పట్టట్లేదు. దీనికి తల్లి కావాలి" అన్నాడు.

"తల్లిని ఎక్కణ్ణుంచి తెస్తాం?" అంది భార్య.

ఆ తల్లి ఆ మధ్యాహ్నమే దొరికింది. దొరికిన తీరు మాత్రం ఎవరికీ రాకూడదు.

నల్లమూతి గొర్రెకు అది మొదటి ఈత. పొద్దుటినుంచీ కాలు నేలకేసి గీస్తూ, పడుకుంటూ, లేస్తూ ఉంది. మధ్యాహ్నానికి రెండు ముందుకాళ్ళు కనిపించాయి. తల రాలేదు. దర్జీ చేతులకు సబ్బు రాసుకుని మోకాళ్ళమీద కూర్చున్నాడు. భార్య గొర్రె తల పట్టుకుంది. అతని వేళ్ళు సన్నవి, లోపలికి వెళ్ళి పక్కకు తిరిగిపోయిన పిల్ల తలను సరిచేశాయి. గొర్రె బలం పెట్టినప్పుడల్లా లాగాడు, ఆగినప్పుడు ఆగాడు. చలిలో కూడా నుదుట చెమట పట్టింది. చివరికి పిల్ల జారి గడ్డిలో పడింది. ఒక్కటే పిల్ల, మంచి బలమైన పిల్ల, పెద్దది. కదల్లేదు.

ముక్కు తుడిచాడు. వెనక్కాళ్ళు పట్టి ఊపాడు. గడ్డితో ఒళ్ళంతా రుద్దాడు. ముక్కులో ఊదాడు. భార్య అతని భుజం మీద చెయ్యి వేసేదాకా ఊదుతూనే ఉన్నాడు.

"నాలుక నల్లబడింది చూడు. లోపలే పోయింది. నీ తప్పేం లేదు" అంది.

నల్లమూతికి ఆ మాట చెప్పేదెవరు? అది లేచి, వెనక్కి తిరిగి, చచ్చిన పిల్లను నాకడం మొదలుపెట్టింది. నాకి నాకి, గొంతులో గుర్రుమంటూ లెమ్మని పిలిచింది. దర్జీ గోడవైపు తిరిగి ముక్కు చీదుకున్నాడు. చలి వల్లనే అని ఎవరైనా అనుకుంటే అనుకోవచ్చు.

ఇంట్లోకి వెళ్ళి మామకి చెప్పక తప్పలేదు.

"పోయిందా?" అన్నాడు మామ. ముఖం ఎర్రబడింది. "పోదూ మరి! నీ చేతిలో పడింది కదా. గుడ్డ అనుకున్నావా, ఎటు లాగితే అటు రావడానికి? నేను నుంచోగలిగితే అది బతికేది."

"నాన్నా! అది లోపలే పోయింది. నేను పక్కనే ఉన్నాను" అంది భార్య.

"నువ్వు ఉంటే ఏం, ఎవరు ఉంటే ఏం? చెయ్యి పెట్టింది ఎవరు?"

ఇంతకు ముందు మామ ఎన్ని అన్నా దర్జీ నవ్వులోకి తోసేశాడు గానీ ఇది అట్లాంటిది కాదు. చెయ్యని తప్పు చేతికి అంటగట్టారు. మంచి షేర్వాణీ కుట్టినప్పుడు ఎంత పొంగిపోయిన చేతులో, ఇప్పుడు అంత బరువుగా పక్కన వేలాడుతున్నాయి.

భార్య తండ్రి దుప్పటి సర్దుతూ, ఏదో గుర్తొచ్చినట్టు ఆగింది.

"నాన్నా, తాత ఒకటి చేసేవాడు కదా? చచ్చిన పిల్ల తోలు తీసి, తల్లి లేని పిల్లకి కప్పేవాడు. తల్లి తన పిల్లే అనుకుని పాలిచ్చేది."

"ఇచ్చేది కాదు, ఇవ్వాలని ఆయన అనుకునేవాడు" అన్నాడు మామ. "నేను చూశాను కదే. తాడుతో కడితే తోలు పక్కకు జారిపోయేది. పిల్ల దాంట్లోనే కాళ్ళు చిక్కుకుని పడేది. చూసిన గొర్రె బెదిరి పొడిచేది. పదింటికి పదీ పోయాయి. పైగా ఇక్కడ చచ్చింది ఏనుగంత పిల్ల, ఉన్నది ఎలకంత పిల్ల. తాత కోటు మనవడికి తొడిగినట్టుంటుంది!"

ఆ ఆఖరి మాటకి దర్జీ తలెత్తాడు.

జీవితంలో సగం రోజులు అతను చేసింది అదే. తాత కోట్లు మనవలకి, అన్నల ప్యాంట్లు తమ్ముళ్ళకి, పెళ్ళి బట్టలు ఒళ్ళు చేసినవాళ్ళకి. కొత్త బట్ట ఎవడైనా కుడతాడు. పాతదాన్ని ఇంకొకరి ఒంటికి కుదిర్చేవాడే అసలు దర్జీ.

"తోలు ఒలవడం నీకు వచ్చు కదా?" అన్నాడు భార్యతో.

"వచ్చు."

"పద."

వెనక నుంచి మామ, "పోయేకాలం కాకపోతే ఇదేమిటే!" అంటున్నా ఇద్దరూ ఆగలేదు.

ఆమె కొట్టం వెనక వసారాలో కూర్చుని, చిన్న కత్తితో, స్వెటర్ విప్పినట్టు తోలు మొత్తంగా ఒలిచింది. ఎక్కడా గంటు పడలేదు. దర్జీ మూడో పిల్లను వంటింటి బల్లమీద నిలబెట్టి టేపు తీశాడు. మెడ చుట్టూ, ఛాతీ చుట్టూ, వీపు పొడవు, ముందుకాళ్ళ మధ్య ఎడం. పిల్ల బుద్ధిగా నిలబడింది. ఇలాంటి గిరాకీ అతనికి జన్మలో తగల్లేదు: బేరమాడదు, తొందరపెట్టదు, అద్దం అడగదు.

కొలతకి మించిన వెనక భాగం, తోకా తొడల దగ్గరి తోలూ బెత్తెడు మేర, ముందే కత్తితో కోసి పక్కన పెట్టాడు. మిగిలిన తోలు నెత్తురుతో, జిగటగా ఉంది. దాన్ని బకెట్ నీళ్ళలో ముంచి, రెండుసార్లు పిండి, పొయ్యికి కాస్త దూరంగా ఆరేశాడు. పిండని బట్ట మీద కత్తెర పెట్టకూడదని గురువు నేర్పిన మొదటి పాఠం, చెయ్యి దానంతటదే ఆ పని చేసేసింది. ఆరాక వీపు మీద రెండు మడతలు పెట్టి లోపలికి తీశాడు. కాళ్ళ దగ్గర చంకలు విప్పి చిన్నవి చేశాడు. దబ్బనంతో, మైనం రుద్దిన దారంతో ముందు టాకాలు వేసి, పిల్లకి తొడిగి చూసి, మళ్ళీ విప్పి, చివరికి గట్టి కుట్టు వేశాడు.

తొడిగితే అచ్చం దాని ఒంటికి పుట్టినట్టుంది. పిల్ల బల్ల మీద నాలుగడుగులు నడిచింది. ఎక్కడా లాగలేదు, ఎక్కడా జారలేదు. దర్జీకి చాలా కాలం తర్వాత ఛాతీ నిండా గాలి పట్టింది.

పిల్లను తీసుకెళ్ళి నల్లమూతి ముందు దించాడు. గొర్రె వాసన చూసింది. ఇంకోసారి చూసింది. రెండడుగులు వెనక్కి వేసి, తల వంచి, ఒక్క పోటు పొడిచింది. కొత్త కోటుతో సహా పిల్ల వెళ్ళి గోడ దగ్గర పడింది.

రెండోసారి దించితే రెండోసారీ అదే. మూడోసారి కొమ్ములు లేని ఆ తల దర్జీ మోకాలికే తగిలింది.

ఇల్లు ఎంత దూరం గనక? ఆ అరుపులన్నీ విని మామ మంచం కిర్రుకిర్రుమనేలా నవ్వాడు. "ఏమోయ్, గిరాకీకి కోటు నచ్చలేదా? డబ్బు వాపసిచ్చెయ్!"

దర్జీ బోర్లించిన బకెట్ మీద కూలబడ్డాడు. పిల్లను స్వెటర్ లోపల పెట్టుకున్నాడు. నల్లమూతి పొదుగు పాలతో బిగిసిపోయి మెరుస్తోంది. పాలు అక్కడున్నాయి, ఆకలి ఇక్కడుంది, మధ్యలో రెండు అడుగుల దూరం. ఆ దూరం దాటించలేని కోటు ఎంత బాగుంటే ఏం లాభం?

భార్య వచ్చి పక్కన చతికిలబడింది. కోటు మీద చెయ్యి వేసి చూసింది. ముక్కు దగ్గర పెట్టుకుంది. ముఖం అదోలా పెట్టింది.

"ఏమయ్యా, దీన్ని కడిగావా?"

"కడక్కుండా ఎలా కుడతాం? నెత్తురు..."

ఆమె ఒక్క క్షణం అతన్ని చూసి, ఆ తర్వాత ఇక ఆపుకోలేకపోయింది. కళ్ళలోంచి నీళ్ళొచ్చేలా నవ్వింది. "గొర్రె కోటు అందం చూడదయ్యా! వాసన చూస్తుంది! ఇస్త్రీ కూడా చేశావా?"

దర్జీకి మొదట ఉడుకుమోత్తనం వచ్చింది. తర్వాత అతనికీ నవ్వొచ్చింది. ఏడవాల్సిన చోట ఇద్దరూ నవ్వుకుంటూ కూర్చున్నారు. నల్లమూతి మాత్రం నవ్వలేదు.

"తల్లి ఎక్కడ వాసన చూస్తుంది?" అన్నాడు దర్జీ.

"తోక కింద. ఎప్పుడైనా చూడు, పిల్ల పాలు తాగుతుంటే తల్లి వెనక్కి తిరిగి తోక కిందే చూస్తుంది."

తోక. తను కోసి తీసేసిన తోక.

దర్జీ పిల్లను భార్య ఒళ్ళో పెట్టి లేచి పరిగెత్తాడు. ముక్క పారేసే దర్జీ దర్జీయే కాదు. కొట్టు నడిచిన రోజుల్లో బెత్తెడు గుడ్డ మిగిలినా మూట కట్టేవాడు, ఎందుకని అడిగితే అతనికే తెలీదు. తోలు ముక్కల్ని కూడా అలవాటు చొప్పున రేకు డబ్బాలో వేసి వసారాలో పెట్టాడు. వాటిని అతను కడగలేదు, కొలతలో లేనివాటిని కడిగేదెవరు? చలికి అవి గట్టిపడి ఉన్నాయి గానీ, పొయ్యి దగ్గర కాస్త వేడి తగిలేసరికి వాటి వాసన వాటికి వచ్చేసింది. వంటిల్లంతా పాకింది.

"ఏమిటా కంపు?" అని మామ అడిగాడు లోపల్నుంచి.

"ఫ్యాషన్ మామయ్యా" అన్నాడు దర్జీ.

కోటు వెనకవైపు కుట్టు విప్పాడు. తొడల తోలు రెండు ముక్కలూ రెండు పక్కలా చేర్చి, మధ్యలో తోక నిలబెట్టి కుట్టాడు. పిల్ల సొంత తోక మీదకి ఆ తోక సరిగ్గా వచ్చేలా కొలిచి మరీ కుట్టాడు. గురువు చూస్తే ఈ పనికి చెంప పగలగొట్టేవాడు. మరకలతో, కంపుతో, వెనక భాగం ఉబ్బెత్తుగా, చూడ్డానికి పరమ వికారంగా తయారైంది. అంత వికారమైన కోటు అతను ఎప్పుడూ కుట్టలేదు.

పొద్దు వాలుతోంది. కొట్టం తలుపు సందులోంచి ఎర్రటి వెలుగు గడ్డి మీద పడుతోంది. ఈసారి దర్జీ పిల్లను గొర్రె ముఖం ముందు దించలేదు. వెనకనుంచి తీసుకెళ్ళి, తోక తల్లివైపు ఉండేలా, పొదుగు దగ్గర వదిలాడు.

నల్లమూతి గిర్రున తిరిగింది. తల వంచింది. భార్య దర్జీ చెయ్యి పట్టుకుంది. గొర్రె ముక్కు ఆ వికారమైన తోక కిందికి వెళ్ళింది. అక్కడే ఆగిపోయింది. ముక్కుపుటాలు కదులుతున్నాయి. ఇంకా ఆగింది.

తర్వాత దాని గొంతులోంచి మధ్యాహ్నం విన్న ఆ గుర్రుమనే పిలుపే వచ్చింది. మధ్యాహ్నం దానికి జవాబు లేదు. ఇప్పుడు మూడో పిల్ల సన్నగా, చిరాగ్గా, "ఇంతసేపా?" అన్నట్టు అరిచి, పొదుగు కిందికి దూరి, ఒక్క కుమ్ము కుమ్మి చన్ను అందుకుంది. గుటకల చప్పుడు వినపడింది. కొద్దిసేపటికి కుట్టిన తోక కింద అసలు తోక ఆడటం మొదలుపెట్టింది. రెండు తోకలూ కలిసి ఆడాయి.

భార్య ఏడుస్తోంది. దర్జీ నవ్వుతున్నాడు. "చూశావా? ఎక్కడా పట్టలేదు. చంకల దగ్గర కాస్త వదులుంచాను, పాలు తాగితే పొట్ట పెరుగుతుంది కదా" అంటున్నాడు, ఆమె వింటోందో లేదో కూడా చూడకుండా.

ఇంట్లోకి వచ్చాక మామ అడిగాడు, "పోయిందా ఆ మూడోది?"

"లేదు మామయ్యా."

"పోతుందిలే."

"పోదు" అన్నాడు దర్జీ. అంతకు మించి చెప్పలేదు. చెబితే నమ్మడు. నమ్మనివాడికి చెప్పి ఆ సంతోషాన్ని కిటికీలోంచి బయటికి పారేసుకోవడం దేనికని ఊరుకున్నాడు.

శుక్రవారం మంచు దట్టంగా పట్టింది. శనివారం గాలి కొరికింది. నల్లమూతి ఆ రెండు రోజులూ పిల్లను కనుచూపు దాటి పోనివ్వలేదు. దర్జీ దగ్గరికొస్తే కాలు నేలకేసి కొట్టేది. అతనికి ఆ బెదిరింపు ఎంత నచ్చిందో! పూటపూటకీ కుట్లు చూసుకునేవాడు, మెడ దగ్గర బిగుతైతే ఒక దారం తెంపి వదులు చేసేవాడు. నోట్లో వేలు పెడితే కాలుతున్నంత వెచ్చగా ఉండేది. మామ కిటికీలోంచి చూపులు కొట్టం వైపు పంపించేవాడు. "చూస్తావా నాన్నా, పట్టుకుంటాను, రా" అని కూతురు అడిగితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. "ఎల్లుండి పోయేవాటిని చూసి ఏం చెయ్యాలి?" అన్నాడు ఒకసారి. ఆ గొంతులో వెటకారం లేదు. అప్పుడు మాత్రం దర్జీకి ముసలాడి మీద జాలేసింది. నలభై చలికాలాలు కాసిన మందను వదులుకోవాలని ఎవరికుంటుంది?

ఆదివారం పొద్దున ట్రాక్టరు వచ్చింది. వెనక చుట్టూ కంచె కట్టిన తొట్టి, దాంట్లో గడ్డి పరిచి ఉంది. మేనల్లుడు దిగాడు. మామూలుగా అయితే గేటు దగ్గర ఉండగానే అతని గొంతు వంటింటికి చేరుతుంది. ఇవాళ ఎందుకో నోరు మూసుకుని ఉన్నాడు. కళ్ళు వాచి ఉన్నాయి. చొక్కా చేతులకి ఎండిన నెత్తురు.

"ఏం బావా, అట్లా ఉన్నావ్?" అంది భార్య.

"నిద్ర లేదు. ఈ చలికి ఒకటే ఈతలు" అన్నాడు. "ఎక్కడున్నాయి? చూసి ఎక్కించుకుంటాను. ఏమోయ్ దర్జీ, దారి చూపించు."

దర్జీ కొట్టం తలుపు తీశాడు. మేనల్లుడు ఒక్కొక్క గొర్రె నడుం మీద చెయ్యి వేసి నొక్కుతూ, పళ్ళు చూస్తూ, నల్లమూతి దగ్గరికి వచ్చి ఆగిపోయాడు.

"ఇదేమిటి? ఈ పిల్లకి రెండు తోకలేమిటి?"

వంగి చూశాడు. నల్లమూతి కాలు నేలకేసి కొట్టింది. పిల్ల పట్టించుకోకుండా పాలు తాగుతూనే ఉంది. మేనల్లుడు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. కోటు అంచు పట్టి లాగాడు. రాలేదు. కుట్టు వెంట బొటనవేలు పోనిచ్చాడు, మెడ నుంచి చంక దాకా, చంక నుంచి తోక దాకా.

"ఎవరి పిల్ల ఇది?"

"పాత గొర్రెది. మూడోది" అన్నాడు దర్జీ. "దీని పిల్ల గురువారం పోయింది."

"తోలు కప్పారా? మేమూ కప్పాం, నిలవదే! పిల్ల నడిస్తే జారిపోతుంది."

"కడితే జారుతుంది అన్నయ్యా. ఇది కుట్టినది. ఎవరి కొలత వాళ్ళది కదా."

అంత పెద్ద మనిషి గడ్డిలో కూర్చుని, పాలు తాగుతున్న పిల్లను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత లేచి ఇంట్లోకి వెళ్ళాడు. వెనక దర్జీ, దర్జీ వెనక భార్య.

"మావయ్యా, నేను గొర్రెల్ని తీసుకుపోను" అన్నాడు.

మామ మోచేతి మీద లేచాడు. "ఎందుకురా? ఏమైంది వాటికి?"

"వాటికేం కాలేదు. నా వాటికే అయింది. వారంలో ఎన్ని పిల్లలు పోయాయో చెబితే నవ్వుతావు. ఉన్నవాటికే నాకు చేతులు చాలక చస్తుంటే నీవి కూడా తీసుకెళ్ళి ఏం చేసుకోను? ఇక్కడ బతుకుతున్నాయి, ఇక్కడే ఉండనీ." తర్వాత దర్జీ వైపు తిరిగాడు. ముఖంలోకి చూడలేక చేతుల వైపు చూశాడు. "తమ్ముడూ, పొద్దున నా దగ్గర ఒక తల్లి పోయింది, పిల్ల మిగిలింది. పక్కనే ఇంకోదానికి చచ్చిన పిల్ల పుట్టింది. నువ్వు ఇప్పుడే వస్తే... తోలు పచ్చిగానే ఉంటుంది. వస్తావా?"

మామ మేనల్లుణ్ణి చూశాడు, కూతుర్ని చూశాడు, ఆఖరికి అల్లుణ్ణి చూశాడు. ఇన్నాళ్ళూ కిటికీలోంచి చూసిన మనిషినే ఇవాళ గుమ్మంలో చూస్తున్నాడు.

"నా చంక కర్ర ఇవ్వండి" అన్నాడు.

కూతురు ఒకవైపు, చంక కర్ర ఒకవైపు, మెట్టు దగ్గర ఆగి, దొడ్డి మధ్యలో ఆగి, ఊపిరి తీసుకుంటూ కొట్టంలోకి వచ్చాడు. గొర్రెలన్నీ తలెత్తాయి. మామ నల్లమూతి ముందు నిలబడ్డాడు. కర్ర కూతురికిచ్చి, పక్కనున్న గుంజ పట్టుకుని వంగి, పిల్ల నోట్లో వేలు పెట్టాడు. తీసి ఆ వేలు చూసుకున్నాడు. పిల్ల ఆ వేలికోసం మళ్ళీ మూతి చాపింది.

"మా నాన్న కట్టినప్పుడు ఒక్కటీ నిలవలేదు" అన్నాడు మెల్లిగా. పిల్ల వీపు మీది కుట్టు తడిమాడు. "గురువారం నేనన్నది తప్పు. ఆ పిల్ల నీ చేతిలో పోలేదు."

"ఫరవాలేదు మామయ్యా" అన్నాడు దర్జీ. నిజానికి ఫరవా ఉండింది. ఆ మాట కోసం మూడు రోజులుగా అతని చేతులు ఎదురుచూశాయి. ఇప్పుడవి తేలికయ్యాయి.

బయట మేనల్లుడు ట్రాక్టరు స్టార్ట్ చేశాడు. భార్య అప్పటికే దబ్బనం, దారం, మైనం, టేపు సంచిలో వేసి తెచ్చి అతని భుజానికి తగిలించింది. కత్తెర మాత్రం చేతికిచ్చింది. "కడక్కు" అంది చెవిలో.

దర్జీ గుమ్మం దాకా వెళ్ళి ఆగాడు. "నేను పోతే సాయంత్రం దాకా రాను. పొట్టేళ్ళకి గడ్డి కొట్టాలి, దానికి మీ అమ్మాయి వెళ్ళాలి. మరి వీటి దగ్గర..."

"నేనుంటాను" అన్నాడు మామ. బోర్లించిన బకెట్ మీద, కట్టు కట్టిన కాలు ముందుకి చాపి, మెల్లిగా కూర్చున్నాడు. కూర్చుని అల్లుడి వైపు తలెత్తాడు. ఇన్నేళ్ళుగా ఈ కొట్టంలో ఆ ముసలాయన ఎవర్నీ అడగని మాట అడిగాడు. "ఏం చెయ్యాలో చెప్పి వెళ్ళు."

బయట ట్రాక్టరు హారన్ మోగింది. మళ్ళీ మోగింది. దర్జీ తొందరపడలేదు. వెనక్కి వచ్చి, మామ ఎదురుగా గడ్డిలో కూర్చుని, ఒక్కొక్కటే చెప్పాడు.